తెలుగు బైండ్ చేస్తే ¿¿¿ పడుతున్నాయి: ఒరాకిల్, ఓసీఐ, ఎన్‌వార్‌చార్2

నాగావళి:

అందరికీ నమస్కారం. సెటప్ ఇదీ.

ఒరాకిల్ 19సీ. డేటాబేస్ క్యారెక్టర్ సెట్ డబ్ల్యూఈ8ఎంఎస్‌విన్1252, అంటే విండోస్-1252 (వార్‌చార్2 కాలమ్స్‌కు); నేషనల్ క్యారెక్టర్ సెట్ ఏఎల్16యూటీఎఫ్16, అంటే యూటీఎఫ్-16 (ఎన్‌వార్‌చార్2 కాలమ్స్‌కు). లినక్స్ మీద సీ ప్రోగ్రామ్, నేరుగా ఓసీఐ (ఒరాకిల్‌కు సీ భాషలోని లైబ్రరీ) కాల్స్. ప్రోగ్రామ్‌లోకి వచ్చే టెక్స్ట్ అంతా యూటీఎఫ్-8, ముందే వ్యాలిడేట్ అయి వస్తుంది. టేబుల్‌లో ఇంగ్లిష్ పేరుకు వార్‌చార్2(60), తెలుగు పేరుకు ఎన్‌వార్‌చార్2(60). రెండింటికీ విలువలు బైండ్ చేసేది (స్టేట్‌మెంట్‌లో అతికించేది) ఓసీఐబైండ్‌బైనేమ్, టైపు ఎస్‌క్యూఎల్‌టీ_సీహెచ్ఆర్.

ఎన్‌ఎల్‌ఎస్_లాంగ్‌లో (క్లయింట్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్) ఏఎల్32యూటీఎఫ్8, అంటే యూటీఎఫ్-8, పెడితే "తెలుగు" అన్న మాట ఆరు ¿ గుర్తులుగా చేరుతోంది. డబ్ల్యూఈ8ఎంఎస్‌విన్1252 పెడితే ఎన్‌వార్‌చార్2లో ఏవో లాటిన్ అక్షరాలు పడుతున్నాయి. అదే సెట్టింగ్‌తో తెలుగును మామూలు వార్‌చార్2లో పెడితే మాత్రం మా ప్రోగ్రామ్‌లో చక్కగా కనబడుతుంది, జావాలో రాసిన రిపోర్టులో చెత్తగా వస్తుంది. పాత మాడ్యూల్ ఒకటి ఆ పద్ధతిలోనే తెలుగును వార్‌చార్2 కాలమ్‌లో నింపింది. ఆ డేటా కూడా కావాలి.

డేటాబేస్ మొత్తాన్ని యూనికోడ్‌కు మార్చడం ఇప్పట్లో కుదరదు. బైండ్ దగ్గర చేయగలిగింది ఏముంది?

గోస్తని:

ఎన్‌ఎల్‌ఎస్_లాంగ్‌ను డేటాబేస్ క్యారెక్టర్ సెట్‌తో సమానంగా పెట్టడమే పద్ధతి కదండీ. రెండూ ఒకటైతే కన్వర్షన్ జరగదు, పెట్టింది పెట్టినట్టు ఉంటుంది. తెలుగును వార్‌చార్2లోనే ఉంచి, జావా వైపు సరిచేసుకుంటే పని తేలిక.

తుంగభద్ర:

గోస్తని గారూ, ఆ పద్ధతిలో స్క్రీన్ మీద తెలుగు కనబడుతుంది గానీ డేటాబేస్‌లో తెలుగు ఉండదు. అక్కడ ఉండేది 1252 అని ముద్ర వేసిన యూటీఎఫ్-8 బైట్లు. ఎన్‌ఎల్‌ఎస్_లాంగ్ చివరి భాగం డేటాబేస్‌ను గురించి చెప్పేది కాదు, ప్రోగ్రామ్ చేతిలో ఉన్న బైట్లు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉన్నాయో చెప్పేది. డేటాబేస్ ఎన్‌కోడింగ్ ఏమిటో సర్వర్‌కు ముందే తెలుసు, మనం చెప్పనక్కర్లేదు. రెండు పేర్లూ ఒకటేనని చెప్పగానే క్లయింట్ చెకింగ్ కూడా మానేసి బైట్లను అలాగే లోపలికి పంపేస్తుంది. తర్వాత నిజం చెప్పే క్లయింట్ ఏది వచ్చినా, జావా థిన్ డ్రైవర్ లాంటిది, వాటిని 1252 అనే చదువుతుంది. అది చేసే పని సరైనదే, దాన్ని "సరిచేస్తే" రెండో తప్పు మొదలవుతుంది.

మీరు చెప్పే నియమం పాత ఎక్స్‌పోర్ట్ యుటిలిటీ విషయంలో నిజమే. డంప్ ఫైలు రాసేటప్పుడు కన్వర్షన్ జరగకూడదని ఎన్‌ఎల్‌ఎస్_లాంగ్‌ను డేటాబేస్‌తో కలిపేవారు. అక్కడి నుంచే ఈ అలవాటు అన్ని చోట్లకూ పాకింది. ఇప్పటి ఎక్స్‌పోర్ట్ సాధనం డేటా పంప్ సర్వర్‌లోనే పనిచేస్తుంది కాబట్టి ఇప్పుడు ఆ అవసరం కూడా లేదు.

నాగావళి గారూ, ముందుగా బైట్లు చూడండి. స్క్రీన్‌ను నమ్మొద్దు, అది ఇంకో కన్వర్షన్ దాటి వచ్చిన బొమ్మ. డంప్ ఫంక్షన్‌కు రెండో ఆర్గ్యుమెంట్ 1010 ఇస్తే క్యారెక్టర్ సెట్ పేరు, దశాంశంలో బైట్లు రెండూ ఇస్తుంది:

సెలెక్ట్ డంప్(పేరు_తెలుగు, 1010) ఫ్రమ్ ...

"తెలుగు"కు ఎన్‌వార్‌చార్2లో సరైన జవాబు ఒక్కటే: పొడవు 12, బైట్లు 12,36, 12,70, 12,50, 12,65, 12,23, 12,65. ఏఎల్16యూటీఎఫ్16లో తెలుగు అక్షరం ఏదైనా మొదటి బైటు 12 అయి తీరుతుంది. కనుక కంటితోనే పోల్చుకోవచ్చు.

0,191 జతలు వరసగా ఉంటే అవి ¿ గుర్తులు, మూలం పోయింది, తిరిగి రాదు. 0,224, 0,176 అని మొదలైతే యూటీఎఫ్-8 బైట్లను ఒక్కొక్కటి ఒక్కో అక్షరంగా లెక్కేశారన్నమాట.

నాగావళి:

చూశాను. మొదటి సెట్టింగ్‌లో 0,191 జతలు ఆరు. రెండో సెట్టింగ్‌లో 0,224, 0,176. మొదటి సెట్టింగ్ నిజమే చెబుతోంది కదా, కాలమ్ కూడా యూనికోడే. మధ్యలో ఎక్కడ పోతోంది?

తుంగభద్ర:

బైండ్ దగ్గరే పోతోంది. ప్రతి బైండ్‌కూ రెండు గుణాలు ఉంటాయి: క్యారెక్టర్ సెట్ ఐడీ, క్యారెక్టర్ సెట్ ఫామ్. ఐడీ అంటే బఫర్‌లో ఉన్న బైట్ల ఎన్‌కోడింగ్. ఫామ్ అంటే సర్వర్ వైపు ఈ విలువ డేటాబేస్ క్యారెక్టర్ సెట్ దారిలో పోవాలా, నేషనల్ దారిలో పోవాలా అన్నది. మీరు ఏమీ చెప్పకపోతే ఫామ్ విలువ ఎస్‌క్యూఎల్‌సీఎస్_ఇంప్లిసిట్, అంటే 1. అప్పుడు దారి ఇలా ఉంటుంది: యూటీఎఫ్-8 నుంచి 1252కు, అక్కడి నుంచి యూటీఎఫ్-16కు. 1252లో తెలుగు లేదు, ఒక్కో యూనికోడ్ గుర్తుకు, అంటే కోడ్ పాయింట్‌కు ఒక్కో ¿ పడుతుంది. కాలమ్ యూనికోడ్ అయినా అక్కడికి చేరేసరికి మిగిలేది ¿ మాత్రమే.

ఎస్‌క్యూఎల్‌సీఎస్_ఎన్‌చార్, అంటే 2, పెడితే 1252 మధ్యలోకి రాదు.

చేయాల్సిన వరస:

1. ఎన్విరాన్‌మెంట్‌ను ఓసీఐఎన్వ్‌క్రియేట్‌తో కాక ఓసీఐఎన్వ్‌ఎన్‌ఎల్‌ఎస్‌క్రియేట్‌తో తెరవండి. చివరి రెండు ఆర్గ్యుమెంట్లు, క్యార్‌సెట్, ఎన్‌క్యార్‌సెట్, రెండింటికీ 873 ఇవ్వండి. అది ఏఎల్32యూటీఎఫ్8 ఐడీ. ఇక ప్రోగ్రామ్ ఎన్‌ఎల్‌ఎస్_లాంగ్‌లో క్యారెక్టర్ సెట్ ఏముందో పట్టించుకోదు. సర్వర్ మీద ఎవరో ప్రొఫైల్ ఫైలు మార్చితే డేటా పాడయ్యే పరిస్థితి ఉండదు. రెండూ సున్నా ఇస్తే మళ్లీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ దగ్గరికే పోతుంది. ఏమీ లేకపోతే యూఎస్7ఆస్కీ అనుకుంటుంది.

2. ఓసీఐబైండ్‌బైనేమ్ మామూలుగానే.

3. బైండ్ హ్యాండిల్ మీద ఓసీఐఅట్ర్‌సెట్ పిలిచి, ఓసీఐ_అట్ర్_క్యార్‌సెట్_ఫామ్‌కు ఎస్‌క్యూఎల్‌సీఎస్_ఎన్‌చార్ ఇవ్వండి. దీని టైపు యూబీ1.

4. ఈ ఒక్క బైండ్ బఫర్ వేరే ఎన్‌కోడింగ్‌లో ఉంటేనే ఓసీఐ_అట్ర్_క్యార్‌సెట్_ఐడీ ఇవ్వండి. దీని టైపు యూబీ2. క్రమం ముఖ్యం: ఫామ్ ముందు, ఐడీ తర్వాత. ఫామ్ మార్చగానే ఐడీ డిఫాల్ట్‌కు వెళ్లిపోతుంది. తలకిందులుగా రాస్తే ఎర్రర్ ఏమీ రాకుండానే మీరిచ్చిన ఐడీ చెరిగిపోతుంది.

5. ఇవన్నీ ఎగ్జిక్యూట్‌కు ముందు.

తిరిగి చదివేటప్పుడు డిఫైన్ హ్యాండిల్స్ (ఫలితం వచ్చి పడే బఫర్లవి) మీదా ఇదే పని చేయాలి. బైండ్ సరిచేసి డిఫైన్ వదిలేస్తే లోపల తెలుగు సరిగ్గానే ఉండి, బయటికి వచ్చేటప్పుడు పోతుంది. చాలామంది దాన్ని ఇన్సర్ట్ తప్పు అనుకుని మంచి కోడ్‌ను పాడుచేసుకుంటారు. అందుకే డంప్ అన్నాను.

ఇంకో మాట. ఎస్‌క్యూఎల్ స్టేట్‌మెంట్ లోపలే ఎన్ అక్షరం ముందు పెట్టి తెలుగు లిటరల్ రాస్తే పనిచేస్తుందని అనుకోవద్దు. స్టేట్‌మెంట్ టెక్స్ట్ మొత్తం ముందు డేటాబేస్ క్యారెక్టర్ సెట్‌కు మారుతుంది, ఎన్ ఉన్నా లేకపోయినా. క్లయింట్ వైపు ఓఆర్ఏ_ఎన్‌చార్_లిటరల్_రీప్లేస్ వేరియబుల్‌కు ట్రూ పెడితే లిటరల్‌ను కాపాడుతుంది. లేదంటే యూనిస్ట్ర్ ఫంక్షన్‌లో కోడ్ పాయింట్లు రాయాలి. బైండ్ ఉండగా ఈ రెండూ అక్కర్లేదు.

మంజీర:

జావా, పైథాన్ వాళ్ల కోసం నాలుగు మాటలు కలుపుతున్నాను, సమస్య అదే కాబట్టి.

జేడీబీసీ (జావా నుంచి డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి) థిన్ డ్రైవర్ ఎన్‌ఎల్‌ఎస్_లాంగ్ చూడదు. జావా స్ట్రింగ్ ఎప్పుడూ యూటీఎఫ్-16. అయినా సెట్‌స్ట్రింగ్‌తో బైండ్ చేస్తే విలువ డేటాబేస్ క్యారెక్టర్ సెట్ దారినే పోతుంది, ¿ పడుతుంది. ఎన్‌వార్‌చార్2 కాలమ్‌కు సెట్‌ఎన్‌స్ట్రింగ్ వాడాలి. ఇది జేడీబీసీ 4.0 నుంచీ, అంటే జావా 6 నుంచీ ఉంది. పైథాన్‌లో ఒరాకిల్‌డీబీ మాడ్యూల్ ఎప్పుడూ యూటీఎఫ్-8లోనే మాట్లాడుతుంది గానీ మామూలు స్ట్రింగ్‌ను వార్‌చార్‌గానే బైండ్ చేస్తుంది. కర్సర్ మీద సెట్‌ఇన్‌పుట్‌సైజెస్ పిలిచి ఆ బైండ్‌కు డీబీ_టైప్_ఎన్‌వార్‌చార్ అని చెప్పాలి.

జావాలో అడ్డదారి ఒకటి తిరుగుతూ ఉంటుంది: ఒరాకిల్.జేడీబీసీ.డిఫాల్ట్‌ఎన్‌చార్ అనే ప్రాపర్టీని ట్రూ చేస్తే అన్ని సెట్‌స్ట్రింగ్‌లూ ఎన్‌చార్ బైండ్లు అయిపోతాయి. కోడ్ ముట్టుకోకుండా తెలుగు వచ్చేస్తుంది, నిజమే. కానీ వార్‌చార్2 కాలమ్‌ను ఎన్‌చార్ బైండ్‌తో పోల్చినప్పుడు ఒరాకిల్ మార్చేది బైండ్‌ను కాదు, కాలమ్‌ను. ఎగ్జిక్యూషన్ ప్లాన్‌లో ప్రెడికేట్ చూడండి, కాలమ్ చుట్టూ ఎస్‌వైఎస్_ఓపీ_సీ2సీ అని కనబడుతుంది. కాలమ్ మీద ఫంక్షన్ పడింది కాబట్టి మామూలు ఇండెక్స్ పనికిరాదు, ఫుల్ స్కాన్. కస్టమర్ నంబర్‌ను వార్‌చార్2లో పెట్టుకున్న టేబుల్ పెద్దదైతే ఆ రోజే తెలుస్తుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇదే జబ్బు ఇంకో రూపంలో ఉంటుంది. అక్కడ మైక్రోసాఫ్ట్ జేడీబీసీ డ్రైవర్ డిఫాల్ట్‌గా స్ట్రింగ్‌లన్నింటినీ ఎన్‌వార్‌చార్‌గా పంపుతుంది, సెండ్‌స్ట్రింగ్‌పారామీటర్స్‌యాజ్‌యూనికోడ్ విలువ ట్రూ. డాట్‌నెట్‌లో యాడ్‌విత్‌వాల్యూ కూడా స్ట్రింగ్ చూడగానే ఎన్‌వార్‌చార్ అనుకుంటుంది. వార్‌చార్ కాలమ్‌కు ఎస్‌క్యూఎల్_లాటిన్1 తరహా కొలేషన్ ఉంటే ప్లాన్‌లో కన్వర్ట్_ఇంప్లిసిట్ వచ్చి ఇండెక్స్ సీక్ కాస్తా స్కాన్ అవుతుంది. ఆ ప్రాపర్టీని ఫాల్స్ చేసి, తెలుగు కాలమ్స్‌కు మాత్రం సెట్‌ఎన్‌స్ట్రింగ్ వాడితే రెండూ నిలుస్తాయి.

కాబట్టి నాగావళి గారూ, తుంగభద్ర గారు చెప్పిన ఫామ్ 2ను అన్ని బైండ్లకూ వేసే హెల్పర్ ఫంక్షన్ రాయకండి. ఎన్‌వార్‌చార్2 కాలమ్స్‌కు మాత్రమే.

శబరి:

ఇక పాత మాడ్యూల్ నింపిన వార్‌చార్2 డేటా సంగతి. దాన్ని కాపాడవచ్చు, కానీ ముందు ఒక షరతు: బైట్లు నిజంగా అలాగే లోపలికి వెళ్లి ఉండాలి. ఆ కాలమ్ మీద డంప్ వేస్తే "తెలుగు"కు ఇలా రావాలి, పొడవు 18:

224,176,164, 224,177,134, 224,176,178, 224,177,129, 224,176,151, 224,177,129

తెలుగు బ్లాక్ అంతా యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు. మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177. ఈ జత కనబడని వరసలను ముట్టుకోకండి, అవి నిజమైన 1252 డేటా కావచ్చు.

మరమ్మతు ఇలా. కొత్త ఎన్‌వార్‌చార్2 కాలమ్ కలపండి. పాత కాలమ్‌ను యూటీఎల్_రా.కాస్ట్_టు_రా గుండా పంపితే ఎలాంటి కన్వర్షన్ లేకుండా ముడి బైట్లు వస్తాయి. వాటిని యూటీఎల్_ఐ18ఎన్.రా_టు_ఎన్‌చార్‌కు ఇచ్చి, రెండో ఆర్గ్యుమెంట్‌గా ఏఎల్32యూటీఎఫ్8 పేరు ఇవ్వండి. వేర్ క్లాజులో ఇన్‌స్ట్ర్(కాలమ్, సీహెచ్ఆర్(224) || సీహెచ్ఆర్(176)) సున్నా కన్నా ఎక్కువ, లేదా 177తో అదే. సర్వర్ సింగిల్ బైట్ కాబట్టి సీహెచ్ఆర్(224) అంటే ఒక్క బైటే, ఇబ్బంది లేదు. ఎస్‌క్యూఎల్‌లో రా టైపు పరిమితి 2000 బైట్లు, అంతకన్నా పొడవున్న వరసలను పీఎల్/ఎస్‌క్యూఎల్ లూప్‌లో చేయండి.

నింపాక వెనక్కి తిప్పి చూడండి: కొత్త కాలమ్‌ను యూటీఎల్_ఐ18ఎన్.స్ట్రింగ్_టు_రాతో ఏఎల్32యూటీఎఫ్8 బైట్లు చేసి, పాత కాలమ్ ముడి బైట్లతో పోల్చండి. తేడా వచ్చిన వరసలు ఎక్కువగా మధ్యలో తెగినవే అయి ఉంటాయి. వార్‌చార్2(60)లో పట్టేది 20 తెలుగు కోడ్ పాయింట్లే. పాత మాడ్యూల్ 60 బైట్ల దగ్గర కోసి పంపి ఉంటే, చివరి అక్షరం రెండు బైట్లతో ఆగిపోయిన పేర్లు దొరుకుతాయి. పోల్చడం మానేస్తే అవి ఎప్పటికీ బయటపడవు.

ఈ పని సర్వర్ లోపలే చేయండి. జావాలోకి తెచ్చి సరిచేద్దాం అనుకుంటే తెలుగుకు ప్రత్యేకంగా దెబ్బ తగులుతుంది. విండోస్-1252లో ఐదు బైట్లకు అర్థమే లేదు: 129, 141, 143, 144, 157. తెలుగు గుర్తుల్లో మూడో బైటు ఇవే అయినవి చూడండి: కొమ్ము (ు) 129, పొల్లు (్) 141, ఏ 143, ఐ 144, ఝ 157, అరసున్న 129. కొమ్మూ పొల్లూ లేని తెలుగు వాక్యం దొరకదు. జావా ఈ బైట్లను 1252గా చదివేటప్పుడు వాటి చోట యూనికోడ్ రీప్లేస్‌మెంట్ క్యారెక్టర్ పెట్టేస్తుంది, యూటీఎఫ్-8లో 239,191,189. పైథాన్ అయితే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, అదే నయం. జావా దారిలో పోయిన డేటాలో ఒత్తులన్నీ విడిపోతాయి, కొమ్ములన్నీ రాలిపోతాయి. ఏ ఫార్ములా వాటిని తిరిగి తేలేదు.

స్క్రీన్ మీది చెత్తను కాపీ చేసి ఏదో వెబ్‌సైట్‌లో అతికించి తెలుగు చేసుకోవడం కూడా ఇందుకే పూర్తిగా పనిచేయదు. భ మూడో బైటు 173, 1252లో అది సాఫ్ట్ హైఫన్, కంటికి కనబడదు. ఠ మూడో బైటు 160, నాన్-బ్రేకింగ్ స్పేస్. కాపీలో ఇవి నిశ్శబ్దంగా మారిపోతుంటాయి.

కొల్లేరు:

శబరి గారు చెప్పిన ఐదు బైట్ల విషయంలో మైఎస్‌క్యూఎల్ వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. మైఎస్‌క్యూఎల్ లాటిన్1 అనేది నిజానికి 1252, కానీ ఆ ఐదు బైట్లకు కూడా అదే సంఖ్య ఉన్న కంట్రోల్ కోడ్‌ను జత చేసింది. కాబట్టి కనెక్షన్ లాటిన్1, టేబుల్ యూటీఎఫ్8ఎంబీ4 అయి డబుల్ ఎన్‌కోడింగ్ జరిగితే ఒక్క బైటు కూడా పోదు. అ అనే అక్షరం అసలు 3 బైట్లు (224,176,133). డబుల్ అయ్యాక 7: 195,160, 194,176, 226,128,166. కాలమ్‌లో 195,160,194,176 కనబడితే అదే గుర్తు. వెనక్కి తేవడానికి:

కన్వర్ట్(కాస్ట్(కన్వర్ట్(కాలమ్ యూజింగ్ లాటిన్1) యాజ్ బైనరీ) యూజింగ్ యూటీఎఫ్8ఎంబీ4)

మధ్యలో బైనరీ తప్పనిసరి. అది లేకుంటే సర్వర్ అక్షరాలను అక్షరాలుగానే మళ్లీ మార్చి మొదటికి తెస్తుంది. ముందు సెలెక్ట్‌లో వేసి చూడండి, మంచి వరసల మీద వేస్తే అవి ? అవుతాయి.

బైండ్ విషయంలో మైఎస్‌క్యూఎల్‌కు పారామీటర్ వారీ ఎన్‌కోడింగ్ లేదు. స్ట్రింగ్ పారామీటర్లన్నీ క్యారెక్టర్_సెట్_క్లయింట్ విలువలో ఉన్నట్టే సర్వర్ తీసుకుంటుంది. సీలో కనెక్షన్ తెరిచాక సెట్ నేమ్స్ క్వెరీ పంపకండి, మైఎస్‌క్యూఎల్_సెట్_క్యారెక్టర్_సెట్ ఫంక్షన్ పిలవండి. క్వెరీ పంపితే సర్వర్‌కు తెలుస్తుంది గానీ క్లయింట్ లైబ్రరీకి తెలియదు, ఎస్కేప్ ఫంక్షన్ పాత ఎన్‌కోడింగ్ లెక్కనే పనిచేస్తుంది. పీహెచ్‌పీ పీడీఓలో అయితే డీఎస్‌ఎన్‌లోనే క్యార్‌సెట్=యూటీఎఫ్8ఎంబీ4.

తెలుగుకు పాత యూటీఎఫ్8ఎంబీ3 సరిపోతుంది, మూడు బైట్లే కదా. అందుకే చాలా సైట్లలో తెలుగు ఏళ్ల తరబడి బాగానే నడిచి, ఎవరో నాలుగు బైట్ల ఎమోజీ పెట్టిన రోజు 1366 ఎర్రర్ వస్తుంది. కొత్త టేబుల్ అయితే ఎంబీ4 తప్ప ఇంకోటి వద్దు.

పెన్నా:

పొడవుల గురించి ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. "తెలుగు" కోడ్ పాయింట్లు 6. ఒరాకిల్‌లో లెంత్ 6, లెంత్‌బీ 18 (యూటీఎఫ్-8 డేటాబేస్ అయితే). పోస్ట్‌గ్రెస్‌లో లెంత్ 6, ఆక్టెట్_లెంత్ 18. మైఎస్‌క్యూఎల్‌లో లెంత్ అంటేనే బైట్లు, 18; అక్షరాలకు క్యార్_లెంత్. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎన్‌వార్‌చార్‌లో లెన్ 6, డేటాలెంత్ 12.

కాలమ్ డిక్లరేషన్‌లోనూ ఇంతే. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్‌లలో వార్‌చార్(60) అంటే 60 కోడ్ పాయింట్లు. ఒరాకిల్ వార్‌చార్2(60) అంటే ఎన్‌ఎల్‌ఎస్_లెంత్_సిమాంటిక్స్ ముట్టుకోకపోతే 60 బైట్లు. యూనికోడ్‌కు మారే రోజు ఓఆర్ఏ-12899 (విలువ కాలమ్‌లో పట్టదు) ఎర్రర్లు కురిసేది ఇక్కడే. వార్‌చార్2(60 చార్) అని విడిగా రాయడం మేలు. అలా రాసినా పైన 4000 బైట్ల గోడ ఉంటుంది, మ్యాక్స్_స్ట్రింగ్_సైజ్‌ను ఎక్స్‌టెండెడ్ చేస్తే తప్ప. అంటే వార్‌చార్2(4000 చార్)లోనూ తెలుగు 1333 దగ్గర ఆగుతుంది.

ఓడీబీసీ (ఏ డేటాబేస్‌కైనా వాడే సీ ఇంటర్‌ఫేస్) వాళ్లు ఇక్కడే ఎక్కువ తడబడతారు. ఎస్‌క్యూఎల్‌బైండ్‌పారామీటర్‌లో కాలమ్‌సైజ్ అక్షరాల్లో, బఫర్‌లెంత్, లెంత్/ఇండికేటర్ విలువలు బైట్లలో. ఎస్‌క్యూఎల్_సీ_డబ్ల్యూచార్ బైండ్‌కు ఇండికేటర్‌లో 6 ఇస్తే "తెలు"లో కొమ్ము కూడా రాదు, "తెల" దగ్గర ఆగుతుంది. ఎర్రర్ ఉండదు. లినక్స్‌లో డబ్ల్యూచార్_టీ 4 బైట్లు, యూనిక్స్‌ఓడీబీసీ ఎస్‌క్యూఎల్‌డబ్ల్యూచార్ 2 బైట్లు. మొదటిదాన్ని రెండోదిగా కాస్ట్ చేసి ఇస్తే ఒక్క అక్షరం చేరి ఆగుతుంది, రెండో యూనిట్ సున్నా కాబట్టి.

పోస్ట్‌గ్రెస్ మిగతావాటికన్నా కఠినం, నాకు అదే ఇష్టం. యూటీఎఫ్-8 సర్వర్‌కు తెగిన బైట్లు పంపితే 22021 ఎర్రర్ ఇచ్చి తిప్పి పంపుతుంది, ¿ పెట్టి మింగదు. క్లయింట్_ఎన్‌కోడింగ్ అబద్ధం చెబితే మాత్రం అదీ నమ్ముతుంది. డేటాబేస్‌ను ఎస్‌క్యూఎల్_ఆస్కీగా సృష్టించారా, ఆ కాపలా మొత్తం పోయినట్టే.

గోస్తని:

తుంగభద్ర గారు చెప్పిన ఎక్స్‌పోర్ట్ తేడా స్పష్టమైంది, ధన్యవాదాలు. ఇంకో ప్రశ్న. కొన్ని పాత కాలమ్స్‌లో డీటీపీ ఆపరేటర్లు అను ఫాంట్లతో టైప్ చేసిన తెలుగు ఉంటుంది. ఇస్కీ డేటా కూడా అక్కడక్కడా ఉంది. శబరి గారి ఫార్ములా వాటికి పనిచేస్తుందా?

శబరి:

అను ఫాంట్లకు పనిచేయదు. అక్కడ బైటు అంటే అక్షరం కాదు, ఫాంట్‌లోని ఒక గ్లిఫ్ ముక్క. డేటాబేస్ దృష్టిలో అది సక్రమమైన 1252 టెక్స్టే, కాబట్టి ఎన్‌ఎల్‌ఎస్ సెట్టింగ్ ఏదీ దాన్ని తెలుగు చేయలేదు. గ్లిఫ్‌ల క్రమం నుంచి అక్షరాల క్రమం కట్టే కన్వర్టర్ కావాలి. తలకట్టు, గుడి, ఒత్తు విడివిడిగా ఉంటాయి, వాటి వరస కూడా యూనికోడ్ వరస కాదు. ముడి బైట్లు బయటికి తీసి, ఫాంట్ పేరు, వెర్షన్ తెలుసుకుని, డేటాబేస్ బయట మార్చి, ఎన్‌చార్ బైండ్‌తో కొత్త కాలమ్‌లో పెట్టండి.

ఇస్కీ వేరు, అది భారతీయ లిపుల ఎన్‌కోడింగ్ ప్రమాణం: ఐఎస్ 13194, 1991. ఒరాకిల్‌కు ఐఎన్8ఇస్కీ అనే క్యారెక్టర్ సెట్ ఉంది. ఇస్కీలో దేవనాగరికీ తెలుగుకూ ఒకే బైట్లు, ఏ లిపో చెప్పేది మధ్యలో వచ్చే లిపి మార్పు కోడ్. ఆ కోడ్ తీసేసి దాచిన డేటా అయితే కన్వర్షన్‌లో దేవనాగరి వచ్చే ప్రమాదముంది. పది వరసలు చేసి కళ్లతో చదవండి.

నాగావళి:

ఓసీఐఎన్వ్‌ఎన్‌ఎల్‌ఎస్‌క్రియేట్‌లో 873, తెలుగు బైండ్లకు ఫామ్ 2. డంప్‌లో 12,36, 12,70 వచ్చాయి. డిఫైన్ వైపూ మార్చాక ప్రోగ్రామ్, జావా రిపోర్టు రెండింట్లోనూ ఒకేలా కనబడుతోంది.

మిగిలినవి మూడు. ఒకటి, రెండు కాలమ్స్‌నూ యూనియన్ ఆల్‌లో కలిపే వ్యూ ఓఆర్ఏ-12704 ఇస్తోంది. రెండు, కొన్ని పొడవాటి పేర్లు చదివేటప్పుడు ఓఆర్ఏ-01406. మూడు, "రైతు" అన్న మాటతో వెతికితే కళ్లకు ఒకేలా ఉన్న వరసల్లో కొన్ని దొరకడం లేదు.

తుంగభద్ర:

మొదటిది: యూనియన్, కేస్, కోఅలెస్ ఇలాంటి చోట్ల రెండు వైపులా ఒకే ఫామ్ ఉండాలి. వార్‌చార్2 వైపు టు_ఎన్‌చార్ చుట్టండి. తిప్పి టు_చార్ మాత్రం వేయకండి, మళ్లీ ¿ వస్తాయి.

రెండోది డిఫైన్ బఫర్ పొడవు. కాలమ్ ఎన్‌వార్‌చార్2(60), సర్వర్‌లో 120 బైట్లు. కానీ మీరు తెప్పించుకుంటున్నది యూటీఎఫ్-8, అందులో తెలుగు 60 గుర్తులంటే 180 బైట్లు, చివరి సున్నాకు ఇంకొకటి కలిపి 181. యూటీఎఫ్-16 యూనిట్‌కు 3 బైట్లు లెక్క వేసుకుంటే చాలు. ఎమోజీ 4 బైట్లయినా యూటీఎఫ్-16లో రెండు యూనిట్లు తింటుంది కనుక ఆ లెక్కలోనే ఇముడుతుంది. ఇంగ్లిష్ కాలమ్‌కూ ఇదే చేయండి: 1252లో € గుర్తు ఒక్క బైటు, యూటీఎఫ్-8లో మూడు. డిస్క్రైబ్ ఇచ్చిన డేటా సైజ్‌ను నేరుగా మాలాక్‌కు ఇచ్చే కోడ్ ఎక్కడున్నా వెతికి మార్చండి. పీఎల్/ఎస్‌క్యూఎల్ అవుట్ బైండ్లు ఉంటే ఓసీఐ_అట్ర్_మ్యాక్స్‌డేటా_సైజ్ కూడా చూసుకోవాలి, అది సర్వర్ వైపు బఫర్‌కు.

శబరి:

మూడోది ఎన్‌కోడింగ్ తప్పు కాదు, నార్మలైజేషన్. యూనికోడ్ తెలుగు బ్లాక్‌లో ఒకే ఒక్క గుర్తుకు రెండు సమాన రూపాలున్నాయి, అది ఐత్వం. ఒక రూపం 3144 అనే ఒక్క కోడ్ పాయింట్. రెండోది 3142, 3158 అనే జంట, అంటే ఎత్వం పక్కన ఐత్వపు కింది ముక్క. "రైతు" మొదటి పద్ధతిలో 4 కోడ్ పాయింట్లు, రెండో పద్ధతిలో 5. డంప్‌లో 12,72 ఉండాల్సిన చోట 12,70, 12,86 కనబడుతుంది. ఎన్‌ఎఫ్‌సీ (సమాన రూపాలను ఒక్కటిగా కలిపే నార్మలైజేషన్) చేస్తే మొదటి రూపమే మిగులుతుంది. ఒరాకిల్‌లో కంపోజ్, పోస్ట్‌గ్రెస్ 13 నుంచి నార్మలైజ్, పైథాన్‌లో యూనికోడ్‌డేటా.నార్మలైజ్. బైండ్‌కు ముందే, ఒక్క చోటే చేయండి. వెతికే మాటకు కూడా అదే ఫంక్షన్ గుండా దారి పెట్టండి.

అది చేశాక కూడా కొన్ని దొరక్కపోతే 32,12 కోసం చూడండి. అది జీరో విడ్త్ నాన్-జాయినర్. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లును విడిగా చూపడానికి కీబోర్డులు పెడతాయి. ఎన్‌ఎఫ్‌సీ దాన్ని తీయదు. నిల్వ చేసిన పేరులోంచి తీసేయకండి, తీస్తే "ట్వే" అని ఒత్తుగా కలిసిపోయి రూపం మారుతుంది. వెతకడానికి వేరే కాలమ్ ఉంచి, అందులో మాత్రం తీసేసిన రూపం పెట్టి దాని మీద ఇండెక్స్ వేయండి. ఆ కాలమ్ కూడా ఎన్‌వార్‌చార్2, దాని బైండ్‌కు కూడా ఫామ్ 2.